ఓడల టపాలో తెలుగు జాబులు

చార్లెస్ ఫిలిప్ బ్రౌను నిఘంటుకారుడుగా, వేమనను వెలుగులోనికి తెచ్చినవాడుగా మనకు చిరపరిచితుడు. అతడు 1846లో మద్రాసు రాజధానికి పోస్టుమాస్టర్ జనరలుగా నియుక్తుడైన సంగతి మాత్రము అంతగా ప్రచారములో లేదు. తాళపత్రములను సేకరించి శుద్ధప్రతులు వ్రాయించిన దొరయే దక్షిణదేశపు టపాను గూడ నడపెను. 1850ల తొలియేండ్లలో అతడు ప్రకటించిన 'తెలుగు రీడరు'లో పాఠములుగా చేర్చినవి కావ్యభాగములు కావు. ఇంటి జాబులు, వ్యాపారపు ఉత్తరములు, పోలీసు రెవిన్యూ వ్యవహారముల కాగితములు. సజీవభాషను నేర్వగోరువానికి జాబును మించిన వాచకము లేదని అతడు గ్రహించెను. మన సాహిత్యచరిత్రకారులు ఈ గ్రహింపును ఇంకను పూర్తిగా అందుకొనలేదని నా అభిప్రాయము.

ఏనుగుల వీరాస్వామయ్య 1830–31లో కాశీయాత్ర చేయుచు దారిపొడవునను వ్రాసినదానిని మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ళకు తెలియజేయుచు వచ్చెను. పిళ్ళ దానిని 1838లో అచ్చువేయించెను. ఆ పుస్తకము లేనిదే పందొమ్మిదవ శతాబ్దపు తెలుగు వచనచరిత్ర వ్రాయుటకు వీలులేదు. అయితే అది నేలమీది ప్రయాణము. సముద్రము దాటిన తెలుగు జాబులకు అట్టి శ్రీనివాస పిళ్ళ దొరకలేదు.

నాటి సముద్రపు టపా రీతిని కొంచెము చెప్పవలెను. బ్రౌను కాలమున మద్రాసునకు రేవుగోడలు లేవు. ఓడ దూరముగా లంగరు వేయగా, మేకులు లేక నారత్రాళ్ళతో కుట్టిన మసూలా పడవలు కరళ్ళను దాటి టపాసంచులను దానికి చేర్చుచుండెను. గుడ్ హోప్ అగ్రమును చుట్టివచ్చు తెరచాప ఓడకు ఇంగ్లండు నుండి నాలుగైదు నెలలు పట్టెడిది. 1830లో 'హ్యూ లిండ్సే' అను పొగయోడ బొంబాయి నుండి సూయెజునకు పోయి కొత్తదారి చూపెను. 1840లలో పి. అండ్ ఓ. కంపెనీ ఓడలు సూయెజు, సింహళము, మద్రాసు, కలకత్తాల నడుమ టపా మోయసాగెను. కాలువ త్రవ్వబడిన 1869 వరకు ఈజిప్టు గడ్డ దాటుట మాత్రము నేలదారినే జరిగెను.

ఆ తొలికాలపు జాబునకు కవరు అరుదు. వ్రాసిన కాగితమునే మడచి, లక్కముద్ర వేసి, వెలుపలి మడతమీద చిరునామా వ్రాసెడివారు. కనుక టపా ముద్రకొరకు దానిని దాచిన ఆసామి తాను కోరకయే లోపలి మాటలను గూడ దాచెను. కవరు వాడుకలోనికి వచ్చిన పిదప చిక్కు వచ్చినది. 1854 అక్టోబరులో దేశమంతటికిని తపాలాబిళ్ళలు వచ్చెను; క్రమముగా బిళ్ళలు ప్రోగుచేయు వేడుకయు వచ్చెను. బిళ్ళ కొరకు కవరు నిలిచెను, జాబు పొయ్యిలోనికి పోయెను. మారిషస్ ద్వీపమున 1847లో ముద్రించిన బిళ్ళలు రెండు అంటించిన ఒక లేఖ 1850లో బొంబాయికి చేరినది. లోకములోని సేకర్తలందరును దానిని ఎరుగుదురు. అది బైబిలు సంఘపు కార్యదర్శికి వచ్చినదని ఎరిగినవారు కొందరు. దానిలో ఏమున్నదని అడుగువారు మరింత తక్కువ.

అదే మారిషస్‌కు అప్పటికే తెలుగు కూలీలు ఒడంబడికలమీద పోవుచుండిరి. గోదావరి పాయ ఒడ్డున ఉన్న కోరంగి రేవు పేరు వారిని ఎంతగా అంటుకొనెననగా, బర్మాలో తెలుగువారికందరికిని 'కోరంగీలు' అను పేరు నిలిచిపోయెను. 1860లో మద్రాసు నుండి బయలుదేరి నవంబరు 16న డర్బను చేరిన 'ట్రూరో' ఓడలోను తెలుగువారుండిరి. వీరిలో అక్షరము వచ్చినవారు కొద్దిమంది. తక్కినవారు చెప్పగా మరియొకడు వ్రాసెను. ఊరిలో మరియొకడు చదివి వినిపించెను. ఇట్టి జాబు నాలుగు నోళ్ళు కలిసి చేసిన రచన. మొదట 'ఉభయకుశలోపరి' వరకు పంతులుగారి భాష. దాని తరువాత ఎద్దు, అప్పు, పెండ్లి, పైకము మొదలగు మాట వచ్చినంతనే వ్యాకరణము ప్రక్కకు తొలగును. గిడుగు రామమూర్తి పంతులుగారి వాదమునకు ఇంతకంటె గట్టి సాక్ష్యమేమి కావలెను?

రంగూను సంగతి వేరు. 1852లో దిగువ బర్మా ఇంగ్లీషువారి వశమైన తరువాత, 1856లో స్థాపితమైన కలకత్తా–బర్మా స్టీమ్ నావిగేషన్ కంపెనీ (తరువాతి బ్రిటిష్ ఇండియా కంపెనీ) ఆ తీరమునకు టపా నడపెను. కాకినాడ, విశాఖ, భీమునిపట్టణముల వారికి రంగూను పొరుగూరువలె నాయెను. 1937 వరకు బర్మా భారత తపాలాలోనే ఉండెను గాన అక్కడి ఉత్తరములమీద మన బిళ్ళలే కనబడును. అందుచేత వర్తకుడు వానిని విదేశపు టపా అనడు. చవుక పెట్టెలో పడవేయును. 1879లో కాలణా కార్డు వచ్చి బిళ్ళను, మాటను మరల ఒకే అట్టమీద కలిపెను. ఇకమీద బిళ్ళ దాచినవాడు మాటను పారవేయజాలడు. నా ఎరుకలో తెలుగు సేకర్త మొదట చేయిపెట్టవలసినది ఈ చవుక పెట్టెలోనే.

నేను ఈ వ్యాసము వ్రాయుచున్న ఓల్డ్ రాజిందర్ నగర్ దేశవిభజన తరువాత పశ్చిమ పంజాబు నుండి తరలివచ్చినవారి కొరకు ఏర్పడిన పేట. విడిచివచ్చిన ఆస్తికి పరిహారము కోరుటకు కాగితము చూపవలసినవారు తొలి నివాసులు. పాతకాగితపు విలువ ఈ పేటకు ఒకరు చెప్పవలసినది కాదు. నేడు ఇక్కడి ఇరుకు గదులలో సివిల్ సర్వీసు పరీక్షలకు చదువుచున్న తెలుగు యువకులు అనేకులు. చరిత్రను ఐచ్ఛికముగా తీసుకొన్నవారును కలరు. వారికి జనపథములోని జాతీయ పురావస్తు పత్రాగారము దూరము కాదు. అందులో వలసశాఖ దస్త్రములు కలవు. అయితే ఆ దస్త్రములలో కూలీ అర్జీ పలుమార్లు గుమాస్తా చేసిన ఇంగ్లీషు అనువాదముగనే మిగులును. తెలుగు మూలము కావలెననిన పల్లెటూరి భోషాణమునే వెదకవలెను.

వెదకువారు ఒకటి గమనింతురు గాక. జాబును కవరు నుండి వేరుచేయరాదు; మడత సరిచేయరాదు; ప్రకటించునపుడు తప్పొప్పులు దిద్దరాదు. రంగూను ముద్రలోని తేదీకిని, కాకినాడ ముద్రలోని తేదీకిని గల అంతరము ఆ జాబు దారిలో గడపిన దినముల లెక్క. మారిషస్ జాబులో కూలీ సంఖ్య ఉన్న యెడల దానిని తప్పక ఎత్తి వ్రాసికొనవలెను. ఆ ద్వీపమున మోకాలోని మహాత్మా గాంధీ సంస్థలో వలసపట్టికలు భద్రముగా నున్నవి. ఆ సంఖ్యను పట్టికలో చూచినచో వ్రాయించినవాని పేరు, తండ్రి పేరు, ఊరు, ఎక్కిన ఓడ తెలియవచ్చును.