గండం గడిచాక ఏమవుతుంది?

పిట్యూటరీ శస్త్రచికిత్స చరిత్రను ఎవరు రాసినా దారుల చరిత్రగానే రాస్తారు. 1907లో ఇన్స్‌బ్రుక్‌లో హెర్మన్ ష్లాఫర్ ముక్కు వైపు నుంచి కణితిని చేరుకున్నాడు. హార్వీ కుషింగ్ ఆ దారిని మెరుగుపరిచి 1910-25 మధ్య 231 మందికి ఆపరేషన్ చేశాడు, తర్వాత తనే దాన్ని వదిలి పుర్రె తెరిచే పద్ధతికి మళ్ళాడు. ఎడింబరోలో నార్మన్ డాట్ మాత్రం వదల్లేదు. డాట్ నుంచి పారిస్‌లో గియో, గియో నుంచి మాంట్రియల్‌లో జూల్ హార్డీ నేర్చుకున్నారు. 1960లలో హార్డీ మైక్రోస్కోపు పెట్టి ఆ దారిని మళ్ళీ నిలబెట్టాడు.

మంచి కథే. గురుశిష్య పరంపర కూడా ఉంది. కానీ టేబుల్ దిగాక రోగి ఏమయ్యాడన్నది ఇందులో ఉండదు. ష్లాఫర్ రోగి మూడు నెలలైనా బతకలేదు.

బఠాణీ గింజంత ఈ గ్రంథి ఆజ్ఞ ఇస్తేనే అడ్రినల్ గ్రంథులు కార్టిసాల్ తయారుచేస్తాయి. ఆపరేషన్‌లో అది దెబ్బతింటే, కార్టిసాల్ లేక బీపీ పడిపోయి మనిషే పోవచ్చు. 1949లో మేయో క్లినిక్‌లో హెంచ్, కెండాల్ బృందం కార్టిసోన్‌ను ప్రకటించింది కీళ్ళవాతం కోసం. పిట్యూటరీ రోగులకు మాత్రం అది ప్రాణాధారమైంది.

మందు ఉంది సరే, ఎవరికి కావాలో తెలిసేదెలా? 1959-60లో రోజలిన్ యాలో, సాలమన్ బెర్సన్ రేడియో ఇమ్యునో అస్సే పద్ధతి చూపించారు. రేడియోధార్మిక గుర్తు వేసిన హార్మోను, రక్తంలోని హార్మోను ఒకే యాంటీబాడీ కోసం పోటీపడతాయి. మిగిలిన గామా కిరణాలను లెక్కపెడితే రక్తంలో ఎంత హార్మోను ఉందో తేలుతుంది. 1977లో యాలోకి నోబెల్ వచ్చింది. బెర్సన్ అప్పటికే లేడు.

నేనుండే ఏఎస్ రావు నగర్ పేరు వెనక ఉన్నాయన అయ్యగారి సాంబశివరావు. అణుశక్తి శాఖ కింద 1967లో పుట్టిన ఈసీఐఎల్‌కి వ్యవస్థాపకుడు. ఆ సంస్థ గామా కిరణాలు లెక్కించే యంత్రాలు కూడా తయారుచేసి దేశంలోని ప్రయోగశాలలకు ఇచ్చింది. ఇప్పుడు మన వీధి చివర ల్యాబ్‌లో ఉదయం ఎనిమిదింటికి కార్టిసాల్‌కి రక్తం ఇస్తే, కాంతిని కొలిచే యంత్రం సాయంత్రానికల్లా రిపోర్టు ఇచ్చేస్తుంది. పద్ధతి మారింది గానీ, యాంటీబాడీతో పట్టుకుని గుర్తును లెక్కపెట్టే సూత్రం అక్కణ్ణుంచి వచ్చిందే.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, మా చుట్టాల్లో ఒకరికి ఈ ఆపరేషన్ అయ్యింది. చూడ్డానికొచ్చిన ప్రతివాళ్ళదీ ఒకటే మాట: "కాన్సర్ కాదుగా, తీసేశారుగా, గండం గడిచింది." డిశ్చార్జ్ కాగితం మాత్రం వేరే మాట చెప్తోంది. ముక్కు గట్టిగా చీదొద్దు. ముక్కులోంచి నీళ్ళలా కారితే వెంటనే రావాలి. వారం రోజులకి సోడియం పరీక్ష, ఎందుకంటే ఇంటికెళ్ళాక అది హఠాత్తుగా పడిపోవచ్చు. ఆరు వారాలకి హార్మోన్లు, మూడు నెలలకి ఎమ్మారై, కంటిచూపు పరిధి పరీక్ష. ఆ తర్వాత ఏటేటా.

అన్నిటికన్నా ముఖ్యమైనది హైడ్రోకార్టిసోన్ మాత్ర. బాగానే ఉందని మానేస్తే, మామూలు జ్వరం కూడా ప్రాణం మీదికి తెస్తుంది. జ్వరమొస్తే డాక్టర్ చెప్పినట్టు డోసు పెంచాలి. వాంతులై మాత్ర నిలవకపోతే ఇంజెక్షన్ కోసం ఆసుపత్రికి పరిగెత్తాలి. 'స్టెరాయిడ్ కదా, మంచిది కాదు' అని పక్కింటివాళ్ళు చెప్పే సలహాని ఈ ఒక్క విషయంలో వినకూడదు. శరీరం తయారుచేసుకోలేకపోతున్నదాన్ని తిరిగి ఇవ్వడమే అది.

కుషింగ్ దగ్గర గొప్ప చేతులున్నాయి గానీ ఈ మాత్ర లేదు. ఇప్పుడది మూల మీది మందుల షాపులో దొరుకుతుంది.