మఱపు నేర్పిన పాఠము

జ్ఞాపక మొక్కటే శక్తియని మేము చిరకాలము బడిపిల్లలకుఁ జెప్పుచుంటిమి. చరిత్ర వేఱుగాఁ జెప్పుచున్నది.

1953 లో అమెరికాలోని హార్ట్‌ఫర్డు నగరమున స్కోవిల్ అను శస్త్రవైద్యుఁడు హెన్రీ మోలైసన్ మూర్ఛరోగమును మాన్పఁగోరి, అతని మెదడున నిరుప్రక్కల హిప్పోకాంపస్ అను భాగమును చాలవఱకుఁ దొలఁగించెను. మూర్ఛలు తగ్గెను, కాని క్రొత్త సంగతి యేదియు మనసున నిలువదయ్యెను. అయినను అద్దములోఁ జూచుచు నక్షత్రమును గీయు నేర్పు మిల్నరు పరీక్షలో దినదినము హెచ్చెను. నిన్న గీసితినన్న యెఱుక మాత్రము లేదు.

కోతులకు నా భాగమును దీసి చూడఁగా మొదట నట్టి మఱపు కానరాలేదు. లోపము పరీక్షలో నుండెను. పలుమాఱులు చూపి నేర్పినది యలవాటై నిలుచును. 1978 లో మిష్కిన్, హిప్పోకాంపసును అమిగ్డలాను రెంటిని దీసిన కోతులకు, ఒక్కమాఱు చూపిన వస్తువును గుర్తించి క్రొత్తదానిని ఎన్నుకొను పరీక్ష పెట్టఁగా మఱపు బయల్పడెను. ఆ కోఁతలో గాయపడిన ప్రక్కపొరయే గుర్తింపునకు ముఖ్యమని పిమ్మటి పరిశోధనములు తేల్చెను.

కావున జ్ఞాపకములు పలు తెఱఁగులు. ఇంటిలో నొకేమాటను పదిమాఱు లడుగు అవ్వ, అలవాటైన ముగ్గును చక్కఁగఁ బెట్టవచ్చును. ముగ్గు మఱవనిది మా మాట నేల మఱచెనని కసరుట యన్యాయము. అది కపటము గాదు, కర్మఫలమును గాదు. మెదడునకుఁ గలిగిన హాని కావచ్చును. నోరులేని జంతువులు ప్రాణమిచ్చి చెప్పిన యీ పాఠమును మన యిండ్లలో నోర్పుగా మార్చుకొనమేని, వాని ఋణము తీఱదు.