ఉక్కునగరపు నీరు, శివనాథ నది

నగరాల చరిత్ర వ్రాసేవారు నీరు వచ్చిన మార్గాన్ని ఆనకట్టతో సహా వర్ణిస్తారు. అది నగరాన్ని విడిచిపోయిన మార్గాన్ని గూర్చి తరచుగా మౌనం వహిస్తారు. భిలాయి విషయమూ అంతే. 1955 ఫిబ్రవరి 2న సోవియట్ దేశంతో ఒప్పందం కుదిరినదనీ, 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించినారనీ అందరికీ తెలుసు. వరిపొలాల కొరకు 1921 నాటికి పూర్తయిన తాందులా జలాశయపు నీటిలో కొంత భాగం ఉక్కుకు మళ్లినదని కొందరు ఎరుగుదురు. ఆ నీరు తరువాత ఏమైనదన్నది మాత్రం ఇంజనీర్ల నివేదికలకే పరిమితమైనది.

అక్కడ నీరు రెండు విధాలుగా చెడుతుంది. బొగ్గును కోకుగా మార్చే బట్టీలనుండి వచ్చే నీటిలో ఫినాలు, సయనైడు, అమ్మోనియా ఉంటాయి. కర్మాగారంలోనే శుద్ధి చేయక దానిని బయటికి విడువరాదు. రెండవది ఇండ్ల నీరు. సెక్టార్లుగా కట్టిన ఆ పట్టణపు మురుగు కొరకు ఆక్సీకరణ కుంటలు త్రవ్వినారు. మీటరు, మీటరున్నర లోతు గల కుంటలో సూక్ష్మజీవులు మలినాన్ని విడగొడతాయి. అట్లు విడివడిన దానిని గ్రహించి నాచు పెరుగుతుంది. ఎండలో నాచు విడిచే ప్రాణవాయువుతో ఆ సూక్ష్మజీవులే తిరిగి బ్రతుకుతాయి. కావలసినది విశాలమైన స్థలం, ఎండ, ఓపిక. అంతటి కొలిములు నెలకొన్న చోట ఇంటి మురుగును సూర్యునికి అప్పగించడం ఆ నగర చరిత్రలో నన్ను మిక్కిలి ఆకర్షించిన ఘట్టం. 1958లో నాగపూరులో వెలసిన కేంద్ర ప్రజారోగ్య ఇంజనీరింగు పరిశోధనాసంస్థ ఇట్టి కుంటలను గూర్చి సోలీ ఆర్సీవాలా ప్రభృతుల గ్రంథాన్ని 1970లో ప్రకటించినది.

మన పత్రికలు దీనిని ‘వ్యర్థజలం’ అంటున్నవి. ఆంగ్లపదానికి మక్కికి మక్కి. మురుగు అన్న మన మాటలో కుళ్లు ఉన్నదే గాని నిష్ప్రయోజనత లేదు. చేపలను పెంచగల, పొలాన్ని తడపగల నీటిని వ్యర్థమనడం న్యాయం కాదు.

అనువాదం సంగతి వచ్చినది కనుక మరొక మాట. మురుగు తీవ్రతను కొలిచే పరీక్ష ఇంగ్లండులో పుట్టినది. 1898లో ఏర్పడిన రాయల్ కమిషన్ 1912 నాటి ఎనిమిదవ నివేదికలో ప్రమాణాలను నిర్ణయించినది. నీటిలోని సూక్ష్మజీవులు ఐదు దినాలలో ఎంత ప్రాణవాయువును వినియోగిస్తాయో చూడడం ఆ పద్ధతి. ఐదే ఎందుకు? ఆ దేశపు నదులు అంతలోపలే సముద్రాన్ని చేరుతాయని చెబుతారు. ఉష్ణోగ్రత కూడ ఆ దేశపుదే. తరువాత అది 20 డిగ్రీల సెంటీగ్రేడుగా స్థిరపడినది. మన ప్రమాణాలలో అదే పరీక్ష 27 డిగ్రీల వద్ద మూడు దినాలకు మారినది. మన వేడిమిలో జీవక్రియ త్వరపడుతుంది గదా! మూలంలోని అంకెను కాక దాని అభిప్రాయాన్ని పట్టుకొన్న ఇట్టి అనువాదాలు మన సాహిత్యంలో సైతం అరుదు.

కాని కుంట సెక్టార్లకే కాపు. ఉత్తరాంధ్రనుండి వెళ్లిన మన కుటుంబాలు భిలాయిలో అనేకం. అందరికీ సెక్టారులో క్వార్టరు దొరకలేదు. వెలుపల పెరిగిన బస్తీలు తొలి ప్రణాళికలో లేవు. వాటి మురుగు కాలువ పల్లమెరిగి పోవలసినదే. 1974లో జలకాలుష్య నివారణ చట్టం వచ్చినది. 1998లో, అప్పటి మధ్యప్రదేశ్‌లో, దుర్గు దాపున బోరయీ పారిశ్రామికవాడకు నీరందించుటకై శివనాథలో 23.6 కిలోమీటర్ల భాగాన్ని 22 ఏండ్లకు ఒక ప్రైవేటు సంస్థకు అప్పగించినారు. చేపలు పట్టేవారినీ, నీరు తోడుకొనేవారినీ అడ్డగించినారని ఆందోళన రేగినది. 2007లో ఛత్తీస్‌గఢ్ శాసనసభ ప్రజాపద్దుల సంఘం ఆ ఒప్పందాన్ని రద్దు చేయవలెనన్నది. నదికి వెల కట్టినవారు అందులో కలిసే మురుగుకు కూడ ఒక పద్దు తెరచి ఉండవలసినది.

2018లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశంలో 351 నదీభాగాలను కలుషితమైనవిగా పేర్కొన్నది. ఛత్తీస్‌గఢ్‌లో అట్టివి ఐదు. వానిలో శివనాథ ఒకటి, ఖారూన్ ఒకటి. ఖారూన్ శివనాథలోనూ, శివనాథ మహానదిలోనూ కలుస్తాయి. మహానది సైతం ఆ ఐదింటిలో ఉన్నది.