సూక్తికి లొంగని రాకుమారి

1678లో పారిస్‌లో క్లోద్ బార్బాన్ అనే ప్రచురణకర్త కొద్ది నెలల తేడాతో రెండు పుస్తకాలు తెచ్చాడు. ఒకటి 504 సూక్తుల సంపుటి, అయిదో కూర్పు. రెండోది ‘లా ప్రిన్సెస్ ద క్లేవ్’ అనే చిన్న నవల. రెంటి మీదా రచయిత పేరు లేదు. సూక్తులు లా రోష్‌ఫూకో ప్రభువువి, నవల ఆయన ఆప్తురాలు మదామ్ ద లఫాయెత్‌ది. మనిషి మనసును పట్టుకోవడంలో సూక్తీ కథా ఎంతదాకా కలిసి నడుస్తాయో, ఎక్కడ విడిపోతాయో చూపడానికి ఇంతకన్నా మంచి జంట నాకు తెలియదు.

లా రోష్‌ఫూకో మొదట కత్తి పట్టినవాడు. పద్నాలుగో లూయీ బాలరాజుగా ఉన్న రోజుల్లో ప్రభువర్గం లేవదీసిన ఫ్రాండ్ తిరుగుబాటులో ఓడిన పక్షాన నిలిచాడు. 1652లో తుపాకీ గుండు ముఖానికి తగిలి చూపు పోయినంత పనైంది. పరువు పేరిట కత్తులు దూసినవాళ్లు లాభం చూసుకుని పక్షాలు మార్చిన కాలమది. మన మంచితనం వెనక కూడా మన మీద మనకున్న మమకారమే నక్కి ఉంటుందని ఆయన తన సూక్తుల్లో పదేపదే తేల్చాడు.

అవి ఒంటరిగా కూర్చుని రాసినవి కావు. మదామ్ ద సాబ్లే ఇంటి గోష్ఠిలో సూక్తులు అల్లడం అందరికీ వ్యాపకం. రాసింది ఉత్తరంలో పంపడం, అవతలివారి అభిప్రాయం వినడం, మళ్లీ చెక్కడం. 1665లో తొలి కూర్పు వచ్చినప్పుడు ఆమె ఒక పత్రికకు సమీక్ష రాసి, ముందుగా ఆయనకే చూపింది. అందులో మెప్పుతో పాటు కొందరి ఆక్షేపణా ఉంది. ఆయన చేయి పడ్డాక అచ్చులోకి మెప్పు ఒక్కటే వచ్చింది. మమకారం గురించి అంత లోతుగా రాసినవాడికీ దాని పట్టు తప్పలేదు. అందుకే ఆ సూక్తులు నిజాయితీగల రచన అని నమ్ముతాను.

ఇక నవల. అప్పటి ఫ్రెంచి ప్రేమగాథలు పది సంపుటాల దాకా సాగేవి. లఫాయెత్ ఒక్క ఇల్లాలి మనసు చుట్టూ కథ నడిపింది. పెళ్లయ్యాక నెమూర్ ప్రభువు మీద మనసుపడ్డ క్లేవ్ రాకుమారి, తనను రాజాస్థానానికి దూరంగా ఉండనివ్వమని భర్తను వేడుకుంటుంది. ఎందుకో చెప్పేస్తుంది, ఎవరన్నది మాత్రం చెప్పదు. చాటునున్న నెమూర్ అదంతా వింటాడు. భర్త అనుమానంతో కుంగి కన్నుమూస్తాడు. ఇక అడ్డు లేదు, అయినా ఆమె నెమూర్‌ను కాదంటుంది. పోయినవాడి పట్ల తన బాధ్యత ఒక కారణం. దక్కిన తర్వాత అతని ప్రేమ నిలవదన్న భయం ఇంకొకటి.

సూక్తికారుడైతే ఆ భయాన్నే పట్టుకుని, బాధ్యతను దాని ముసుగు అనేవాడు. లఫాయెత్ రెండింటినీ ఆమె నోటే చెప్పించి, తూకం పాఠకుడికి వదిలింది. పాఠకులూ ఊరుకోలేదు. భార్య ఇలాంటి సంగతి భర్తతో చెప్పవచ్చా అని ‘మెర్క్యూర్ గలాన్’ పత్రిక అడిగితే జవాబులు ఉత్తరాలుగా వచ్చాయి. వాలెంకూర్ అనే విమర్శకుడు ఆ ఏడాదే నవలను తప్పుపడుతూ ఏకంగా పుస్తకమే వేశాడు. మరుసటి ఏడాది దానికి జవాబుగా ఇంకో పుస్తకం వచ్చింది.