చైనా కంపెనీ చట్టం – సామాజిక బాధ్యత

చైనా కంపెనీ చట్టంలోకి సామాజిక బాధ్యత అనే మాట 2005 సవరణతో, అయిదవ నిబంధనగా వచ్చింది. అది శాసనమా, హితవచనమా అని న్యాయశాస్త్ర పండితులు నాటినుంచీ వాదిస్తూనే వున్నారు. వుల్లంఘిస్తే శిక్ష యేమిటో చెప్పలేదు కనుక హితవచనమేనని అనేకుల అభిప్రాయం. వాదం అవసరమైనదే. కాని అంతకు ముందరి చరిత్రను వదిలి యీ చర్చ చేయటం సరికాదు.

1988 నాటి ప్రభుత్వ పరిశ్రమల చట్టం కార్మిక ప్రతినిధుల మహాసభకు అధికారులను పర్యవేక్షించే హక్కు, వారిని తొలగించమని సూచించే హక్కు – కాగితంమీదనైనా – యిచ్చింది. 1993 కంపెనీ చట్టం వాటాదారుల సభను సర్వాధికారిని చేసింది. పర్యవేక్షక మండలిలో కొన్ని స్థానాలు మాత్రం కార్మికులకు మిగిలాయి. సామాజిక బాధ్యత ప్రస్తావన దీని తర్వాతి మాట.

2008లో శాన్లూ తదితర కంపెనీల పాలపొడిలో మెలమైన్ కలిసిందని బయటపడింది. ఆరుగురు పసికందులు చనిపోయారు. దాదాపు 3 లక్షలమంది పిల్లలు జబ్బుపడ్డారు. అప్పటికి అయిదవ నిబంధన రెండేళ్లకు పైగా అమలులో వున్నది! దోషులను శిక్షించటానికి క్రిమినల్ చట్టమే కావలసివచ్చింది.

2023 సవరణ సామాజిక బాధ్యతను వివరిస్తూ కార్మికులను, వినియోగదారులను, పర్యావరణాన్ని పేర్కొన్నది. 300 మంది, అంతకు మించి పనిచేసే కంపెనీలో పర్యవేక్షక మండలిలో కార్మిక ప్రతినిధి లేకపోతే డైరెక్టర్ల బోర్డులో వుండితీరాలని కూడా అన్నది. పండితుల దృష్టి మొదటిదానికన్నా యీ రెండవదానిమీద పడాలి. ఆ ప్రతినిధిని కార్మికులే ఎన్నుకోవాలని చట్టం చెబుతున్నది. ఎన్నిక నిజంగా ఎట్లా జరుగుతున్నదో ఫ్యాక్టరీలలోకి వెళ్లి చూడవలసిందే.