మానింగా? లీఫా?

"పేటన్ మానింగ్‌కీ రయన్ లీఫ్‌కీ అసలు పోలికేమిటండీ?" అనేవాళ్ళు ఇప్పుడు బోలెడుమంది. అయిపోయిన పెళ్ళికి మేళమంటే ఇదే. 1998 ఏప్రిల్‌లో ఈ ప్రశ్నకి జవాబు అంత తేలిగ్గా లేదు.

తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. అమెరికన్ ఫుట్‌బాల్‌లో క్వార్టర్‌బ్యాక్ అంటే బంతి విసిరేవాడే కాదు, మైదానంలో జట్టుని నడిపేవాడు. ఎన్నెఫ్ఫెల్ జట్లు ఏటా కాలేజీ కుర్రాళ్ళని డ్రాఫ్ట్‌లో వరసగా ఎంచుకుంటాయి. అందరికన్నా ఘోరంగా ఆడిన జట్టుది మొదటి వంతు. 1997లో 16 ఆటల్లో 3 మాత్రమే గెలిచిన ఇండియానాపొలిస్ కోల్ట్స్‌కి ఆ వంతు దక్కింది.

టెన్నెసీలో చదివిన మానింగ్ తండ్రి కూడా ఎన్నెఫ్ఫెల్ క్వార్టర్‌బ్యాకే. ఆట బాగా చదువుతాడు, కానీ ఫ్లోరిడా మీద ఒక్కసారీ గెలిపించలేదని ఓ మచ్చ. లీఫ్ చేతిబలం ఎక్కువ. పైగా వాషింగ్టన్ స్టేట్‌ని 67 ఏళ్ళ తర్వాత రోజ్ బౌల్‌కి చేర్చాడు. 1997 హైస్మన్ ట్రోఫీ ఓట్లలో మానింగ్ రెండు, లీఫ్ మూడు.

కోల్ట్స్ మానింగ్‌ని తీసుకుంది. లీఫ్ కోసం శాన్ డియెగో చార్జర్స్ మూడో వంతు నుంచి రెండో వంతుకి ఎగబాకింది. ఆ ఒక్క మెట్టుకి తన మూడో వంతుతో పాటు మరుసటి ఏడాది మొదటి రౌండు వంతు, ఒక రెండో రౌండు వంతు, ఇద్దరు ఆటగాళ్ళని ఇచ్చుకుంది. తేడా అంత స్పష్టమైతే ఇంత ధర ఎవరిస్తారు?

తీరా మొదటి ఏడాది ఇద్దరూ బోల్తాపడ్డారు. మానింగ్ 28 సార్లు బంతిని ప్రత్యర్థుల చేతికిచ్చాడు, కొత్తవాళ్ళలో అదో రికార్డు. కోల్ట్స్ మళ్ళీ 3 ఆటలే గెలిచింది. అయినా 16 ఆటలూ అతన్నే ఆడించారు. 1999లో 13 గెలిచారు. లీఫ్ కాన్సాస్ సిటీ మీద 15 సార్లు విసిరితే ఒక్కటే చేరింది. మర్నాడు విలేకరి మీద అరిచాడు, దేశమంతా టీవీల్లో చూసింది. 2002కల్లా అతని ఆట ముగిసిపోయింది. మానింగ్ 2021లో హాల్ ఆఫ్ ఫేమ్‌కెక్కాడు.

నా మటుకు ఇందులో తేలేది ఒకటే: ఓడిన మర్నాడు మనిషి ఏం చేస్తాడో, అతని జట్టు ఏం చేస్తుందో ముందుగా కొలిచే కొలబద్ద లేదు.

కొసమెరుపు ఇంకోటుంది. 1998 జనవరి 1న రోజ్ బౌల్‌లో లీఫ్‌ని ఓడించింది మిషిగన్. ఆ జట్టు బెంచీ మీద రెండో క్వార్టర్‌బ్యాక్‌గా ఓ కుర్రాడున్నాడు, పేరు టామ్ బ్రేడీ. 2000 డ్రాఫ్ట్‌లో అతనికన్నా ముందు ఆరుగురు క్వార్టర్‌బ్యాక్‌లు వెళ్ళారు, ఇతనిది 199వ నంబరు. ఏడు సూపర్ బౌల్స్ గెలిచాడు. కాలేజీలో ఏళ్ళ తరబడి తన వంతు కోసం కాచుకున్న ఓపిక అందరికీ కనిపించిందే. కానీ పరుగుకి పెట్టినట్టు దానికెవరూ స్టాప్‌వాచీ పెట్టలేదు. అలాగని బెంచీ మీద కూర్చున్నవాళ్ళంతా బ్రేడీలు కారనుకోండి.

క్యాంపస్ ఇంటర్వ్యూల్లో ఎదురుగా కూర్చున్న కుర్రాణ్ణి గంటలో తూచేసే పని నేనూ చేశాను. నేను తీసుకున్నవాళ్ళలో ఎవరు తప్పో తర్వాత తెలిసింది. వద్దన్నవాళ్ళలో ఎవరు తప్పో మాత్రం నాకెప్పటికీ తెలియదు. డ్రాఫ్ట్‌లో అయితే కనీసం అదైనా తెలుస్తుంది.