పాములేరు నుంచి పారిస్ దాకా: మన్యం కాఫీ మనకు చెప్పే పాఠం



పోయిన వేసవిలో మా సంఘం ఏరిన ఇప్పపువ్వులో రెండు బస్తాలు వెనక్కి వచ్చినయి. నేల మీద ఆరబోసినందుకు ఇసుక తగిలింది, తేమ కూడా పోలేదు. కొనేవాళ్లు చెప్పిన ధరకే ఇచ్చి వచ్చినం. ఆ బాధలోనే మన్యం కాఫీ చరిత్ర తెలుసుకున్నం. అది మీ అందరికీ చెప్పాలని ఈ వ్యాసం రాస్తున్నం.

కాఫీ అంటే అరకు అనుకుంటం గానీ, ఆ కథ మన పక్కనే మొదలైంది. భద్రాచలం నుంచి చింతూరు మీదుగా మారేడుమిల్లి పోతే దారిలో పాములేరు వస్తది. ఆ లోయలో 1898లో బ్రోడీ అనే ఇంగ్లీషు అధికారి కాఫీ మొక్కలు పెట్టించాడని చెబుతారు. అప్పుడు మన భద్రాచలం తాలూకా కూడా గోదావరి జిల్లాలోదే. 1959లోనే ఖమ్మంలో కలిసింది. 1920ల నాటికి కాఫీ అరకు, అనంతగిరి, చింతపల్లి కొండలకు చేరింది. 1956లో గిరిజన సహకార సంస్థ వచ్చింది. 1960లలో అటవీ శాఖ కూడా తోటలు వేసింది. తర్వాత గిరిజన రైతులే పెద్ద చెట్ల నీడన ఎకరం, రెండెకరాల్లో కాఫీ వేసి, ఆ చెట్లకు మిరియాల తీగ పాకించారు. అడవి నరక్కుండానే రెండు పంటలు తీశారు.

కానీ పంట ఉన్నంత మాత్రాన ధర రాలేదు. పచ్చివీ పండువీ కలిపి దూసి, నేల మీద ఎండబెట్టి అమ్మితే దళారి చెప్పిందే రేటు. పనితీరు మారినంకనే ధర మారింది. ఎర్రగా పండిన కాయనే, మూడు నాలుగు విడతలుగా కోయాలి. కోసిన రోజే తొక్క తీయాలి. జిగురు పోయేదాకా నానబెట్టి కడగాలి. నేలకు తగలకుండా ఎత్తైన మంచెల మీద, తేమ సుమారు 11 శాతానికి దిగేదాకా ఆరబెట్టాలి. ఆరు కిలోల పండ్లకు ఒక కిలో గింజలు వస్తయి. వేయించేటప్పుడు పేలాల లెక్క చిటపటమంటయి. అప్పుడే ఆ వాసన బయటికొస్తది. ఒక్క చెడ్డ గింజ ఉన్నా గ్లాసులో తెలిసిపోతది.

నాంది ఫౌండేషన్ తోడుతో అరకు రైతులు సహకార సంఘం కట్టుకున్నరు. 2017లో పారిస్‌లో అరకు కాఫీ దుకాణం తెరిచారు. 2019లో అరకు వ్యాలీ అరబికాకు భౌగోళిక గుర్తింపు వచ్చింది.

మనం కాఫీ వేద్దామంటే కుదరదు. అరబికాకు దాదాపు మూడు వేల అడుగుల ఎత్తు, చల్లదనం కావాలె. మన గోదావరి ఒడ్డు ఎండకు అది నిలవదు. కానీ మనకు ఇప్పపువ్వు, చింతపండు, తేనె, కరక్కాయ ఉన్నయి. మనకు లేనిది మంచె, తూకం, ఒక్క మాట మీద నిలబడటం.

అందుకే సమాఖ్య ముందు మూడు మాటలు పెడుతున్నం. వచ్చే ఇప్ప కాలానికి ప్రతి గ్రామ సంఘం ఆరబెట్టే మంచెలు, వలలు సిద్ధం చేసుకోవాలె. చెత్త ఏరి, రకాలుగా వేరు చేసి, మన తూకంతోనే తూచాలె. ఎవరికి వాళ్లు అమ్మకుండా ఒక్కచోట నిల్వ పెట్టి, ధర మాట్లాడినంకనే ఇవ్వాలె. ఖర్చుకు పొదుపులోంచి అప్పు తీసుకుందాం. మా సంఘం ఇప్పటికే రెండు మంచెలకు వెదురు కొట్టి పెట్టింది. వచ్చి చూడండి.